వలయు, వలదు, అక్కరలేదు: విధ్యర్థ విచారము

విజయనగరము జిల్లాలోని కొత్తవలస పేరు విన్న విద్యార్థి, అందలి "వలస"కును "చేయవలసిన పని" యనుచోటి "వలసిన"కును చుట్టరికము కలదా యని యడుగుట సహజము. ఉత్తరాంధ్రమున ఆముదాలవలస, జియ్యమ్మవలస మున్నగు వలసాంతములైన గ్రామనామములు పెక్కులు గలవు. వీనియందలి వలస నామవాచకము. జనులు ఒకచోటు విడిచి మఱియొకచోటికి తరలుటను, అట్లు తరలివచ్చినవారి నివాసమును అది తెలుపును. కన్నడమున "వలసె", తమిళమున "వలసై" యను పదములు తరలిపోవుట యను నర్థముననే యున్నవి. "వలసిన" యన్ననో వలయు ధాతువుయొక్క భూతార్థక ధాతుజవిశేషణము. తెలియు, తెలిసిన, కలియు, కలిసిన యనునట్లే వలయు, వలసిన. కావున ధ్వనిసామ్యమును బట్టి యీ రెంటిని ముడివెట్టరాదు. ఇచ్చట విచారింపబడునది రెండవది.

వలయు ధాతువు విధిని బోధించునని బాలురకు నేర్పుదుము. కాని దాని మొదటి యర్థము విధి కాదు, ఇచ్ఛ. వలచు, వలపు అను పదములు దీని తోబుట్టువులు. "నాకు పుస్తకము కావలయును" అన్నప్పుడు పుస్తకము నాకు ఇష్టమైనది, లేదా అవసరమైనది యని యర్థము. ఇచ్చట కోరువాడు చతుర్థిలో నున్నాడు. "నాకు కాశి చూడవలెనని యున్నది" అన్నను కోరికయే. కర్త ప్రథమావిభక్తికి రాగానే యర్థము మాఱును. "నేను కాశికి పోవలయును" అనగా పోవుట నాకు కర్తవ్యము. కోరిక కలవానికి "కు", కార్యభారము మోయువానికి ప్రథమ: తెలుగువారు ఈ భేదమును వ్యాకరణము చదువకయే పాటింతురు.

ఇచ్ఛావాచకము విధివాచక మెట్లాయెను? ఈ ప్రశ్నకు మీమాంసకుల చర్చ యుపకరించును. లిఙాదులకు అర్థమేమి యను వివాదమున భాట్టులు శాబ్దీభావన యనిరి, ప్రాభాకరులు నియోగరూపమైన కార్య మనిరి. మండనమిశ్రుడు విధివివేకమున ఇష్టసాధనత్వమే విధ్యర్థమని నిరూపించెను. ఒక పని యిష్టమునకు సాధనమని తెలిసినప్పుడే మనుష్యుడు దానియందు ప్రవర్తిల్లును గాని, వట్టి యాజ్ఞచేత గాదని యాతని మతము. తెలుగు వలయు శబ్దము ఈ మతమునకు చక్కని లౌకికోదాహరణము. "ధాన్యము ఎండబెట్టవలయును" అను రైతు వాక్యమున ఎండబెట్టుట యందు ప్రీతి లేదు. పురుగు పట్టని ధాన్యమునందు ప్రీతి కలదు. ఇష్టము ఫలమునందు, విధి సాధనమునందు. శబ్ద మొకటియే రెంటిని మోయుచున్నది.

సంస్కృతమునుండి తెలుగు చేయువారికి ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. పాణిని కృత్యప్రత్యయములను ప్రైషము, అతిసర్గము, ప్రాప్తకాలము అను మూడర్థములందు విధించి, మఱియొకచోట అర్హార్థమునందును, ఆవశ్యకాధమర్ణ్యములందును చెప్పెను. ప్రైషము ఆజ్ఞ, అతిసర్గము అనుమతి, ప్రాప్తకాలము సమయము వచ్చుట, ఆధమర్ణ్యము ఋణగ్రస్తత. సంస్కృతమున తవ్యాదు లిన్ని యర్థములను మోయగా తెలుగు వానిని పంచిపెట్టినది. అనుమతికి "చేయవచ్చును". అర్హతకు "చేయదగును". విధికి "చేయవలయును". పరిస్థితిచే గలిగిన నిర్బంధమునకు "చేయవలసి వచ్చినది". ఏ మార్గమును లేనిచో "చేయక తప్పదు". ఇక "పైరు ఈపాటికి పండియుండవలయును" అన్నప్పుడు విధియే లేదు, ఊహ మాత్ర మున్నది. కావున తవ్యాంతము కనబడినచోటనెల్ల "వలయును" అని వ్రాయు పాఠశాలా సంప్రదాయము సరికాదు. ప్రకరణమును బట్టి యీ యాఱింటిలో ఏది తగునో నిర్ణయింపవలయును.

వలయు, వలసివచ్చు అను వానికి గల భేదమును మఱచుటవలన అర్థము తలక్రిందగును. "నేను అప్పు తీర్పవలయును" అను వాడు తన బాధ్యతను ఒప్పుకొనుచున్నాడు. "నేను అప్పు తీర్పవలసి వచ్చినది" అను వాడు అప్పు తీర్చితినని చెప్పుచు, అది తన యిచ్ఛచే గాక పరిస్థితి బలముచే జరిగెనని సూచించుచున్నాడు. మొదటిది ధర్మము, రెండవది నిర్బంధము.

అన్నిటికంటె ముఖ్యమైనది నిషేధవిషయము. "చేయవలయును" అనుదానికి వ్యతిరేకరూపము "చేయవలదు". వ్యావహారికమైన "వద్దు" దీని మార్పే. కాని యర్థమున చేయవలదు అనునది చేయవలయును అనుదాని యభావము కాదు. విధి లేకుండుట వేఱు, నిషేధ ముండుట వేఱు. విధి లేదని చెప్పుటకు తెలుగున "చేయనక్కరలేదు", "చేయవలసిన పని లేదు" అని వేఱు వాక్యములు గలవు. నఞ్ కార్యముతో కూడిన "చేయకుండవలయును" అనుటయు, విధితో కూడిన "చేయవలయునను నియమము లేదు" అనుటయు తర్కమున భిన్నములు. వలదు మొదటి దానినే చెప్పును. ఇది ధాతువుయొక్క మూలార్థమువలన కలిగినదే. ఇష్టము కాదనుట లౌకికవ్యవహారమున ఉదాసీనత గాదు, వారించుటయే. అతిథి వడ్డనకు అడ్డముగా చేయిపెట్టి "వలదు" అన్నచో, వడ్డించిన వడ్డింపుమని యర్థము గాదు గదా!

సోదరభాషల సాక్ష్యము దీనిని దృఢపఱచుచున్నది. కన్నడమున "బేకు" కోరికను అవసరమును తెలుపును. దాని ప్రతియోగి "బేడ" నిరాకరణమును నిషేధమును తెలుపును. తమిళమున "వేండుం", "వేండాం" అనునవియు నంతే. విధి లేకుండుటకు ఆ భాషలును వేఱు వాక్యములనే వెదకుకొనినవి. ధాతువులు వేఱయినను భావమార్గ మొకటి.

ఈ భేదము పండితుల వినోదమునకు మాత్రమే కాదు. 1966లో ఆంధ్రప్రదేశమున అధికారభాషా చట్టము వచ్చిన తరువాత ఉత్తరువులు, ప్రకటనలు తెలుగున వెలువడుచున్నవి. కొత్తవలస రెండు రైలుమార్గములు కలియు కూడలి. కిరండూలు మార్గము అచ్చటనే ప్రారంభమగును. అట్టి కూడలిలో "టిక్కెట్టు గలవారు ఇచ్చట వేచియుండవలదు" అని యొక పలక వ్రాసిరనుకొందము. టిక్కెట్టు గలవారిని అచ్చటినుండి తఱిమివేయుట దాని యర్థము. వ్రాసినవాని యుద్దేశము వారికి వేచియుండు శ్రమ లేదని చెప్పుటయైనచో "వేచియుండనక్కరలేదు" అని యుండవలెను. అట్లే "పేద విద్యార్థులు పరీక్షరుసుము చెల్లింపవలదు" అన్నచో రుసుము తెచ్చినవానిని గూడ త్రిప్పి పంపవలసియుండును. "చెల్లింపనక్కరలేదు" అన్నచో అది మినహాయింపు. ఒక్క పదము చేత వరము నిషేధమగుచున్నది. ఇంగ్లీషునుండి తెలుగు చేయువారు "మస్ట్ నాట్", "నీడ్ నాట్" అను వానిని వేఱుగా గుర్తించి, మొదటిదానికి వలదు, రాదు, కూడదు అనువానిని, రెండవదానికి అక్కరలేదు అనుదానిని వాడినచో ఈ దోషము రాదు.

వ్యవహారమున చేయవలయును అనునది చేయవలెను, చేయవలె, చేయాలె, చేయాలి యని క్రమముగా కుఱుచయైనది. తెలంగాణమున చేయాలె యను రూపము నేటికిని వినబడును. రూపము తగ్గినను అర్థవ్యవస్థ చెడలేదు. ఉత్తరాంధ్ర పల్లెలలో లేదు అనుదానిని "నేదు" అని పలుకు వృద్ధురాలు సైతము "అక్కర్నేదు" అను దానిని "వద్దు" అను దానితో కలిపి పొరబడదు. భేదము పోవుచున్నది వాడుకలో గాదు, అనువాదములలో. కావున బాలురకు వలయు ధాతువును నేర్పునప్పుడు దాని వ్యతిరేకరూప మొక్కటియే చెప్పి విడువక, వలదు, అక్కరలేదు అను రెంటిని ప్రక్కప్రక్కను వ్రాయించి, ఏది యెవని చేతులు కట్టునో, ఏది యెవని భారము దింపునో వారిచేతనే చెప్పించుట యుపాధ్యాయులకు కర్తవ్యము.