వార్తల్లో పదం: నిర్మూలన హోదా

తట్టు వ్యాధిని నిర్మూలించిన దేశంగా 1998 నుంచి ఉన్న హోదాను కెనడా 2025 నవంబరులో కోల్పోయింది. 2024 అక్టోబరులో మొదలైన వ్యాప్తి ఏడాది దాటినా ఆగకపోవడమే కారణం.

ఒక దేశంలో కనీసం 12 నెలలపాటు తట్టు స్థానికంగా వ్యాపించకపోతే, దాన్ని పసిగట్టే నిఘా కూడా పటిష్ఠంగా ఉంటే ‘నిర్మూలన’ జరిగినట్లు లెక్క. బయటి దేశాల నుంచి అడపాదడపా కేసులు వచ్చినా హోదాకు ఢోకా లేదు. ఒకే వైరస్ ఒకరి నుంచి ఒకరికి ఏడాదికి పైగా పాకితే మాత్రం ఆ హోదా పోతుంది. 1980 నాటికి ప్రపంచమంతటా అంతరించిన మశూచిలా తట్టు ఇంకా అంతం కాలేదు.

రోగి గది విడిచి వెళ్లాక కూడా ఈ వైరస్ రెండు గంటల వరకు గాలిలో ఉండగలదు. అందుకే 95 శాతం మందికి రెండు డోసుల టీకా పడాలి. దేశ సగటు బాగున్నా, టీకా వేయించుకోనివారు ఎక్కువగా ఉన్న చోట తట్టు చొరబడుతుంది. టీకాలు బాగా తగ్గిన సమోవాలో 2019లో మొదలైన వ్యాప్తికి 83 మంది బలయ్యారు. వారిలో అత్యధికులు అయిదేళ్లలోపు పసివాళ్లే.

భారత్ 2026 నాటికి తట్టు, రుబెల్లాల నిర్మూలనను లక్ష్యంగా పెట్టుకుంది. ఈ రెంటి నుంచీ కాపాడే ఎంఆర్ టీకా తొలి డోసు 9-12 నెలల మధ్య, రెండోది 16-24 నెలల మధ్య ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు. తొలి డోసుతో సరిపెట్టకుండా రెండోదీ తప్పక వేయించాలి.