‘విక్షోభ’ శబ్దము - ఆవరణ వ్యవస్థ

కళాశాలలలో తుది సంవత్సరపు విద్యార్థులకు జీవావరణ శాస్త్రమున ఏర్పాటగు చర్చాగోష్ఠులలో ‘డిస్టర్బెన్స్’ అను విషయము తఱచుగా వచ్చును. ఆంగ్లమున పాఠ్యగ్రంథములను చదివిన విద్యార్థికి అది రాగద్వేషములు లేని పారిభాషిక పదము. అదే విద్యార్థి తెలుగున ప్రసంగింపవలసి వచ్చినపుడు ఉపద్రవము, విఘాతము, విధ్వంసము అను మాటలు నోటికి వచ్చును. ఈ మూడింటిలోను నింద గర్భితమై యున్నది. ఉపద్రవమును నివారింపవలెనని వినువాడు వెంటనే తలంచును. శాస్త్రము చెప్పునది అది కాదు. ఈ నింద మాటలోనేగాక ఆలోచనలోను నాటుకొన్నచో నేలమీద ఏమి జరుగునో రాజస్థానములోని భరత్‌పూర్ చరిత్ర తెలుపుచున్నది. దానికి ముందు శాస్త్రపక్షమును కొంత తెలిసికొనవలెను.

ప్రతి ప్రాంతపు వృక్షసముదాయము క్రమముగా మారుచు తుదకొక చరమావస్థను చేరి నిలుచునని 1916లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లెమెంట్సు ప్రతిపాదించెను. ఈ దృష్టిలో కార్చిచ్చు, వరద, పశువుల మేపు మొదలగునవన్నియు గమ్యమునకు అంతరాయములే. 1935లో టాన్స్‌లీ ఈ సిద్ధాంతమును ఖండించుచు వ్రాసిన వ్యాసముననే ‘ఎకోసిస్టమ్’ అను పదము తొలిసారి అచ్చుకెక్కినది. ఆ వ్యాసము యొక్క శీర్షికయే వృక్షశాస్త్రమున పదముల సదుపయోగ దురుపయోగములను గూర్చినది! భాషాశాస్త్రజ్ఞులు తమ వ్యాసమేమో యని భ్రమపడదగిన శీర్షిక యది.

1985లో పికెట్, వైట్ అనువారి సంపాదకత్వమున వెలువడిన గ్రంథము నేడు వాడుకలోనున్న నిర్వచనమునకు ఆధారము. కాలమున ఇంచుమించు పరిమితమైన ఒకానొక సంఘటన సముదాయపు కూర్పును చెదరగొట్టి, వెలుతురు, నేల, నీరు మొదలగు వనరుల లభ్యతను మార్చినచో అది విక్షోభము. ఇందు మంచిచెడ్డల ప్రసక్తి లేదు. ఎంత మేర, ఎంత తీవ్రముగా, ఎన్నేండ్ల కొకసారి అనునవియే ప్రశ్నలు. 1988లో అమెరికాలోని యెల్లోస్టోన్ ఉద్యానవనమున మూడవవంతునకు మించిన భాగమును మంటలు తాకినవి. అచటి లాడ్జ్‌పోల్ పైను చెట్లలో అనేకముల కాయలు జిగురుతో మూసికొని యుండి, మంట వేడికిగాని విచ్చుకొనవు. కాలిన నేలమీద మరల లేచినవి ఆ విత్తనముల మొలకలే. విక్షోభము మరీ అరుదైనను మరీ తఱచైనను జాతుల సంఖ్య తగ్గునని, మధ్యస్థమైనపుడు హెచ్చుగా నుండునని 1978లో కానెల్ సూచించెను. ఈ ఊహ చూచుటకు ముచ్చటగా నున్నను దానిని విడిచిపెట్టుటయే మేలని 2013లో ఫాక్స్ వాదించెను. కావున గోష్ఠులలో దీనిని వేదవాక్యముగా చెప్పరాదు.

ఇక భరత్‌పూర్. కేవల్‌దేవ్ ఘనా అని పేరొందిన ఈ చిత్తడినేల దాదాపు 29 చదరపు కిలోమీటర్ల మేర గలది. సహజమైన పల్లపు నేలకు అజాన్ బంధము నుండి నీరు మళ్లించి, సంస్థానాధీశులు బాతుల వేటకై తీర్చిదిద్దిన తావు అది. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో విచ్చేసిన నాడు ఒక్క దినముననే 4,273 పక్షులను కూల్చిరి. చుట్టుపట్ల గ్రామముల గేదెలు తరతరములుగా ఆ నీటిలోనే మేయుచుండెడివి. పక్షులకు నెలవైన తావున పశువుల మేపు కీడని ఆనాటి విజ్ఞుల యభిప్రాయము. సలీం ఆలీ వంటి పక్షిశాస్త్రజ్ఞులును నిషేధమునే కోరిరి. 1982లో అది జాతీయోద్యానమైనది. ఆ యేటనే మేపు ఆపివేయబడినది. ఎదురుతిరిగిన గ్రామస్థులపై పోలీసులు కాల్పులు జరుపగా కొందరు ప్రాణములు కోల్పోయిరి.

తరువాత జరిగినది ఎవరును ఊహింపనిది. గేదెలు తినుచుండిన పాస్పేలమ్ అను నీటిగడ్డి అడ్డులేక పెరిగి నీటి యుపరితలమును కప్పివేసినది. తెరపి నీరు తరిగిపోగా చేపలకును బాతులకును తావు కరవైనది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1980 దశకమున సాగించిన దీర్ఘపరిశోధన ఈ విషయమును ధ్రువపరచినది. నిషేధమును కోరిన సలీం ఆలీకి జీవితకాలపు అనుబంధమున్న సంస్థయే ఈ ఫలితమును వెల్లడించుట దాని నిజాయితీకి తార్కాణము. పిమ్మట గడ్డిని కోసికొనిపోవుటకు గ్రామస్థులకు అనుమతి లభించినది. గేదె చేయుచుండిన పనిని కొడవలి చేయవలసి వచ్చినదన్నమాట. మేపును ‘ఉపద్రవ’ మని యెంచినవారు ఆ చిత్తడినేల ఆ మేపుతో కూడియే రూపొందినదని గుర్తింపలేదు. విక్షోభమును ఆపుటయు ఒక విక్షోభమే యైనది.

మాట విషయమునకు మరలుదము. హిందీలో ‘విక్షోభ్’ అను పదము వాతావరణ వార్తలలో నిత్యవ్యవహారమున గలదు. మధ్యధరా ప్రాంతము వైపు నుండి శీతకాలమున వచ్చు వాయుమండలపు కలతను ‘పశ్చిమీ విక్షోభ్’ అందురు. పంజాబు, హర్యానాల గోధుమరైతు దాని రాకకు ఎదురుచూచును. ఆ వాన రబీ పైరునకు ప్రాణము. అదే వేళ తప్పి, కోతలనాడు వడగండ్లతో వచ్చినచో పైరు నేలపాలగును. మాట ఒక్కటే, ఫలము కాలమును బట్టి మారును. పారిభాషిక పదమునకు ఉండవలసిన తటస్థత ఇదియే. సంస్కృతమునను క్షుభ్ ధాతువునకు కలతయే గాని కీడు నియతార్థము కాదు. అష్టాధ్యాయి 7.2.18 సూత్రమున ‘క్షుబ్ధ’ రూపము ‘మంథ’ మను అర్థమున సాధింపబడినది. చిలుకుటలో విరుగుడు లేదు, వెన్న పుట్టుట యున్నది. కావున తెలుగున ‘విక్షోభము’ అనుటయే యుక్తము. ‘సంక్షోభము’ వలదు, పత్రికలు దానిని ఆర్థిక రాజకీయ విపత్తులకు అంకితము చేసివేసినవి.

తెలుగునాట ఈ చర్చకు తగిన ఉదాహరణము పోడు. తూర్పు కనుమలలో కొండవాలు పొదలను నరికి కాల్చి, కొన్నియేండ్లు పండించి, ఆ నేలను విడిచి వేరొక తావునకు పోవుట దాని పద్ధతి. విడిచిన నేలకు దీర్ఘకాలము విశ్రాంతి దొరకినపుడు అడవి మరల లేచును. అదే నేలకు మూడు నాలుగేండ్లకే తిరిగి వచ్చినచో మొదళ్లు చచ్చి, మన్ను కొట్టుకొనిపోవును. పని ఒక్కటియే, నడుమనున్న ఎడమే తేడా. ఆ ఎడము తగ్గుటకు జనసంఖ్యయో, అడవిపై హక్కులు తగ్గుటయో, కొండవారి నేల ఇతరుల వశమగుటయో ఏది యెంత కారణమని విచారింపక, ‘పోడు’ అను మాటనే నేరముగా పలుకుట పరిపాటియైనది.

గోష్ఠులలో తరువాత ఎదురగు పదము ‘రెజిలియన్స్’. దీనికి ‘స్థితిస్థాపకత’ అని వాడువారు గలరు. భౌతికశాస్త్రమున ఆ మాట, లాగి విడిచిన వస్తువు పూర్వరూపమును పొందు గుణమునకు స్థిరపడినది. 1973లో హోలింగ్ చెప్పినది వేరు. కలతకు లోనైనను తన ముఖ్యసంబంధములు తెగక నిలిచియుండు శక్తి యది. పూర్వస్థితికి మరలు వేగము కాదు. వరదకును ఎండకును లోబడి ఏటేటా మారుచు, ఐనను చిత్తడినేలగానే నిలుచు భరత్‌పూర్ వంటి తావునకు పూర్వరూపమని ఏ ఋతువు రూపమును చెప్పవలెను? కనుక పాఠములలో దీనికి ‘తాళిమి’ యను మాటను పరీక్షించి చూడవచ్చును. ఆ మాటలో మరలుట లేదు, ఓర్చి నిలుచుట గలదు.