పసుపు పడితే పరుగు కాదు, బ్రేకు

“ఆరెంజ్‌కి చలాన్ పడదు, లాగించెయ్!” వెనక సీట్లోంచి స్నేహితుడు ఇచ్చే ఈ సలహా ఎంతోమందికి సిగ్నల్ రూలై కూర్చుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏదైనా పెద్ద కూడలి దగ్గర కాసేపు నిలబడి చూడండి. పసుపు పడగానే బండ్లు నెమ్మదించడం పోయి ఒక్కసారిగా వేగం అందుకుంటాయి. ఇది ప్రాణాలు తీసే అపోహ.

అపోహ: పసుపు పడితే వేగం పెంచి దాటేయాలి.

వాస్తవం: పసుపు అంటే ఆగమనే. ఆగలేనంత దగ్గరికి వచ్చేసినవాళ్లకే దాటే వెసులుబాటు. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. స్టాప్‌లైన్‌కు 60 మీటర్ల దూరంలో ఉండగా పసుపు పడిందనుకోండి. అది మూడు సెకన్లే ఉంటే, వేగం 60కి పెంచినా గీత చేరకముందే ఎరుపు పడుతుంది. అదే బ్రేకు వేస్తే, చూసి స్పందించడానికి ఒక సెకను పోయినా, పొడి రోడ్డు మీద 46 మీటర్లలో సాఫీగా ఆగవచ్చు. 50 నుంచి 70కి పెంచితే బండి గతిశక్తి దాదాపు రెట్టింపవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

“ఎరుపు పడ్డాక కూడా అవతలివాళ్లకు వెంటనే పచ్చ రాదులే” అనే ధీమా ఇంకా ప్రమాదం. అన్ని వైపులా ఎరుపు ఉండే ఆ సెకను, రెండు సెకన్లు అప్పటికే కూడలిలో ఉన్నవాళ్లు బయటపడటానికి. 30 మీటర్ల కూడలి దాటడానికి 50 వేగంలోనే రెండు సెకన్లు పైబడుతుంది. మరోపక్క టైమర్‌లో 3, 2 కనిపించగానే బైకులు గీత దాటేస్తాయి. ఆ కాస్త వ్యవధినీ ఇటు ఆలస్యంగా దూరేవాళ్లు, అటు తొందరపడి కదిలేవాళ్లు కలిసి మింగేస్తారు. అప్పుడు పడే దెబ్బ పక్కనుంచి పడుతుంది. కారులో ఉంటే తలుపే అడ్డు, బైకు మీద అదీ లేదు.

అపోహ: పసుపు సమయమే తక్కువ, మా తప్పేముంది?

వాస్తవం: ఇందులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. 50 వేగానికి పసుపు 3.3 సెకన్లు, 60కి 3.7 సెకన్లు ఉండాలని లెక్క చెబుతుంది. అంతకు తగ్గితే ఆగనూ లేక, దాటనూ లేక ఇరుక్కునే చోటు ఏర్పడుతుంది. గాజిస్, హెర్మన్, మారదూదిన్ అనే పరిశోధకులు 1960లోనే దీన్ని గణితంతో చూపించారు. ఇది ఇంజనీర్లు సరిచేయాల్సిన లోపం. అంతేగానీ, మీరు వేగం పెంచడానికి అనుమతి కాదు.

మిగతావి క్లుప్తంగా: ఫ్రీ లెఫ్ట్ అనేది బోర్డు ఉన్నచోటే ఉంటుంది. అర్ధరాత్రయినా వెలుగుతున్న ఎరుపు ఎరుపే. పసుపు మినుకుమినుకుమంటుంటే జాగ్రత్తగా వెళ్లాలి. ఎరుపు ఎంత ఎక్కువసేపుంటే అంత భద్రమన్నదీ తప్పే, ఓపిక నశించిన పాదచారులు మధ్యలోనే దిగిపోతారు.

కాబట్టి సిగ్నల్ దగ్గరవుతుంటే పచ్చ ఉన్నా ఎక్సలరేటర్ కాస్త తగ్గించండి. వానలో ఇంకా ముందే తగ్గించండి. పచ్చ పడ్డాక రెండు వైపులా చూసి కదలండి, టైమర్ చూసి కాదు. ఎరుపు దాటడం 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగే. దానికి మొదటిసారే వెయ్యి నుంచి 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.