ఊరంతా ఒకేసారి మంచం పడితే…

వైద్యుని వద్దకు ఒక రోగి వచ్చినప్పుడు నాడి చూచి, ప్రకృతి తెలుసుకొని, ఆహారవిహారాలు విచారించి ఔషధం ఇవ్వడం మా సంప్రదాయం. కాని ఒకే పల్లెలో ఇరవై మంది ఒకేసారి వాంతులు, విరేచనాలతో మంచం పట్టినప్పుడు నాడీపరీక్ష ఒక్కటే చాలదు. ఈ సత్యాన్ని గురుకులంలో చదివి కూడా, నా పొరపాటు వల్లనే గ్రహించాను.

ముప్పై ఏళ్ళ క్రిందటి మాట. ఉదయగిరికీ ఆత్మకూరుకూ నడుమనున్న ఒక మెట్ట పల్లెలో కార్తీకపు వానలు వెలిసిన రోజులు. పెండ్లి జరిగిన మూడవనాడు నన్ను పిలిపించారు. రోగులలో ఎక్కువమంది ఆ పెండ్లిలో భుజించినవారే. విందు వికటించి అజీర్ణమైందని తేల్చాను. లంఘనం పెట్టమన్నాను, నీరు కూడా మితంగానే ఇమ్మన్నాను. నా మాట విని ఊరు ఊరంతా వంటమనిషిని తిట్టిపోసింది. మరునాటికి ఒక వృద్ధురాలు దక్కలేదు.

ఆ సాయంత్రం ఒక తల్లి నన్ను నిలదీసింది. "అయ్యా, మా ఇంటి నుంచి పెండ్లికి ఎవరూ పోలేదే! మరి మా బిడ్డకెందుకు వచ్చింది?"

నా వద్ద సమాధానం లేదు. అప్పుడు చరక సంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయం, జనపదోద్ధ్వంసనీయం, జ్ఞప్తికి వచ్చింది. ప్రకృతి, ఆహారం, బలం, వయస్సు వేర్వేరుగా ఉన్న మనుషులకు ఒకే వ్యాధి ఒకేసారి ఎలా వస్తుందని అగ్నివేశుడు అడుగుతాడు. వాయువు, జలం, దేశం, కాలం అందరికీ ఉమ్మడివి, అవి చెడితే జనపదమే చెడుతుందని ఆత్రేయుడు చెబుతాడు. అంటే వెతకవలసింది ఉమ్మడి వస్తువును!

గడప గడపకూ వెళ్ళి మూడు ప్రశ్నలు వేశాను. ఏమి తిన్నారు? ఏ నీరు తాగారు? ఎప్పుడు మొదలైంది? తూర్పు వీధివారు విందు ఆరగించి కూడా ఆరోగ్యంగా ఉన్నారు. వారిదీ, పెండ్లివారిదీ చేతిపంపు నీరు. పడమటి వీధివారిది వాగుగట్టు దిగుడుబావి. అక్కడ పెండ్లికి వెళ్ళినవారూ, వెళ్ళనివారూ పడకేశారు. ఆ వీధిలో ఒక్క ఇల్లు మాత్రం క్షేమం. ఆ ఇంట బాలింత ఉన్నందున అందరూ కాచి చల్లార్చిన నీరే తాగుతున్నారు. బావికి వరగోడ లేదు. వానకు కొట్టుకొచ్చిన మలినమంతా అందులో చేరింది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు పంపాను. రోగులను ఆత్మకూరు ఆసుపత్రికి తరలించి సెలైన్ ఎక్కించారు, బావిలో బ్లీచింగ్ పొడి కలిపారు. వారం తిరిగేసరికి కొత్త రోగి లేడు.

1854లో లండన్‌లో డాక్టర్ జాన్ స్నో ఇలాగే ఇంటింటా విచారించి, కలరాకు బ్రాడ్ స్ట్రీట్ పంపు మూలమని చూపాడు. 1884లో రాబర్ట్ కాఖ్ కలకత్తా చెరువు నీటిలో ఆ క్రిమినే కనుగొన్నాడు. మన వద్ద 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లోను, 2018 మార్చిలో గుంటూరులోను తాగునీరు కలుషితమై పలువురు మరణించారు.

కాలం కూడా సాక్ష్యం చెబుతుంది. తిన్న కొద్ది గంటలలోనే వాంతులైతే నిలవ ఆహారంలోని విషాన్ని అనుమానించాలి. కలరా కొన్ని గంటల నుంచి ఐదు రోజులలోపు, టైఫాయిడ్ సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలకు బయటపడతాయి.

పాఠకులు గుర్తుంచుకోవలసినవి:

• ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలైతే వెంటనే ఆరోగ్య కార్యకర్తకు తెలుపండి.

• నీటిని తెర్లకాచి, మూతపెట్టి చల్లార్చి తాగండి.

• విరేచనాలలో నీరు ఎన్నడూ ఆపరాదు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కొలత తప్పకుండా, తలగొట్టి కలిపి మాటిమాటికీ పట్టండి. ఉప్పు వేసిన పలుచని బియ్యపు గంజి కూడా మంచిదే. పసిబిడ్డకు తల్లిపాలు మానరాదు.

• కండ్లు లోతుకు పోయినా, మూత్రం ఆగినా, మలంలో రక్తం పడినా, మగతగా ఉన్నా ఆసుపత్రికి చేర్చండి. శొంఠి, మారేడు తరువాతి మాట.

ఆ వంటమనిషి ఇంటికి వెళ్ళి, పదిమంది ఎదుట నా తప్పు ఒప్పుకున్నాను. అయినా ఆ ఏడాది అతనిని ఎవరూ వంటకు పిలవలేదు. విచారించక ముందే వైద్యుడు నోరు జారితే, దానికి మందు లేదు.