విత్తనపు పశువునకు ఎంత పుష్టి తగును?

స్కాట్లండు దేశపు ఈశాన్యభాగమున ఎబర్డీను, ఏంగస్ మండలములలో పుట్టి, క్రమముగా అమెరికా, అర్జెంటీనా, ఆస్ట్రేలియా దేశముల పచ్చికబయళ్లకు వ్యాపించిన నల్లని బోడిపశువులకు ఏంగస్ జాతి యని పేరు. పందొమ్మిదవ శతాబ్దమున హ్యూ వాట్సన్, విలియం మెకోంబీ మొదలైన పశుపోషకులు ఈ జాతిని తీర్చిదిద్దిరి. 1862లో దీని వంశావళి గ్రంథము తొలిసారి వెలువడెను. 1873లో జార్జి గ్రాంటు అను నాతడు నాలుగు ఆబోతులను అమెరికాలోని కాన్సాస్ ప్రాంతమునకు గొనిపోయెను. మరి పదేండ్లకు, 1883లో, షికాగో నగరమున ఈ జాతి పోషకుల సంఘము వెలసెను. మాంసముకొరకు పెంచు పశువులలో నేడు ఆ దేశమున దీనికున్నంత వ్యాప్తి మరియొక జాతికి లేదు.

ఈ పశువులను పెంచువారు రెండు తెగలుగా నున్నారు. సామాన్యరైతు దూడలను పెంచి విపణికి పంపును. రెండవవాడు ఆ రైతునకు కావలసిన ఆబోతులను, పెయ్యలను వంశావళితోను, కొలతల పట్టికలతోను సిద్ధపరచి యమ్మును. ఈ రెండవవాని మందయే విత్తనపు మంద. ఒక్కొక్క ఆబోతు ఏటేట ఇరువది ముప్పది దూడలకు తండ్రి యగును గనుక, విత్తనపు మందలో జరిగిన పొరపాటు అచ్చటనే యాగక, కొన్నవారి మందలలో తరతరములు కానవచ్చును.

పశువు దేహమునందలి నిండుదనములో పుట్టుకవలన వచ్చినది కొంత, దాణావలన వచ్చినది కొంత. మొదటిది దూడలకు సంక్రమించును; రెండవది సంక్రమింపదు. క్రొవ్వు వెన్నుమీది పల్లములను పూడ్చి, కండలేని చోట కండయున్నట్లు భ్రమ గొలిపి, సాధారణమైన పశువునకు సైతము రాచఠీవి తెచ్చిపెట్టును. కొనువాడు వేలముపాటలో సొమ్ము చెల్లించి యింటికి తోలుకొనిపోవునది వంశగుణమో, మక్కజొన్నయో తెలిసికొనుటకు గల సాధనములలో మిక్కిలి చౌకయైనది మనుష్యుని చేయి.

కన్ను ఎంత మోసపోగలదో ఈ జాతి చరిత్రయే చెప్పును. ఇరువదవ శతాబ్దపు నడిమి దశకములలో ప్రదర్శనములయందు పొట్టిగా, గుండ్రముగా, నేల కంటునట్లు బలిసిన పశువులకే బహుమానములు దక్కెను. ఆ మోజులో మరుగుజ్జు దూడలు పుట్టు దోషము పెక్కు మందలలో ప్రబలెను. ఆపై 1970, 1980 దశకములలో మోజు తలక్రిందులై, పొడవైన కాళ్లును ఎత్తైన వెన్నును గలవే మేలైన పశువులని యెంచిరి. అట్టి భారీ పశువులకు కేవలము పచ్చికమీద పుష్టి నిలుపుకొనుట కష్టమాయెను. ఈ రెండు పెడదారులకును మూలము ఒక్కటియే: పశువు పొలమున చేయవలసిన పని మరచి, బరిలో దాని యాకారమును మాత్రము చూచుట.

అమెరికాలో మాంసజాతి పశువుల పుష్టిని 1 మొదలు 9 వరకు గల అంకెలతో గణింతురు. బాడీ కండిషన్ స్కోరు అని దీనికి వ్యవహారము. పుష్టి అంకమని మనము వాడుకొందము. 1 అనగా ఎముకలగూడై లేవలేనిది; 9 అనగా బలిసి నడకయే భారమైనది. పరీక్షించువాడు పశువును మొదట ప్రక్కనుండి, పిమ్మట వెనుకనుండి చూచి, వీలైనచో ఇనుపచట్రమున నిలిపి, కడపటి ప్రక్కటెముకలమీదను, వెన్నుపూసల మొనలమీదను, నడుమున కిరువైపుల నుండు అడ్డుపూసల కొనలమీదను, తుంటి యెముకలమీదను, తోక మొదటను వ్రేళ్లతో నొక్కి చూచును. 3వ అంకమున ప్రక్కటెముకలను లెక్కింపవచ్చును, వెన్ను మొనదేలి యుండును. 4వ అంకమున కడపటి రెండు ఎముకలు మాత్రమే కంటికి కనబడును. 5వ అంకమున ఎముకలు కనబడవు గాని నొక్కినంతనే వ్రేళ్లకు తగులును. తోక కిరుప్రక్కల పల్లము పూడియుండును గాని గుట్ట కట్టదు. 6వ అంకమున గట్టిగా నొక్కిననే గాని ప్రక్కటెముక తెలియదు. 7వ అంకమున రొమ్ము నిండి, తోకమొదట క్రొవ్వు మెత్తని ముద్దలై నిలుచును. ఒక్క అంకె పెరుగుటకు ఇంచుమించు 35 నుండి 45 కిలోల బరువు పట్టును.

చూపు చాలక చేయి ఏల కావలసివచ్చెననగా, శీతకాలమున ఏంగస్ ఆవునకు దట్టమైన బొచ్చు పెరుగును. ఆ బొచ్చుక్రింద నాలుగు కూడ ఆరువలె కనబడును. నలుపు రంగున మిట్టపల్లముల నీడలు తెలియవు. కడుపునిండ మేసిన ఆవును, నిండుచూలాలైన ఆవును కంటికి బలిసినట్లే తోచును. కండ యెంత యున్నదో చూడవలెనన్నచో క్రొవ్వు అంతగా పట్టని ముంజేతి భాగమును, తొడదిగువ భాగమును పరిశీలింపవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. వీపు వెడల్పును మాత్రము నమ్మి ధర పలుకువాడు క్రొవ్వునకే ధర చెల్లించుచున్నాడు.

అంకె నొంటరిగా చదువరాదు. దూడలను పాలు మాన్పించు కాలమున, అనగా దూడకు ఏడు నెలలు నిండు వేళ, మందలోనికి పోయినచో అందరి మెప్పు పొందునది నిగనిగలాడు ఆవే. దాని దూడ యెట్లున్నదని యడుగుడు. ఆ యేడు ఈననిదో, పాలు చాలక దూడను అరకొరగా సాకినదో యగుట కద్దు. దాని ప్రక్కనే కొంచెము చిక్కి నిలిచిన ఆవు తన కండ నంతయు దూడకు ధారపోసినది కావచ్చును. తనకు పెట్టిన పచ్చికమీదనే మంచి దూడను పెంచుచు, 5వ అంకమునకు చేరువగా నిలిచి, ఏటేట కాలమునకు చూలు నిలుపుకొను ఆవు ఈ జాతికి నిజమైన సిరి. సులువుగా పుష్టి పట్టు స్వభావము ఏంగస్ జాతికి సహజగుణము. అది పచ్చికమీద కనబడినప్పుడు ఎన్నదగిన గుణము, దాణాతొట్టి యొద్ద కనబడినప్పుడు దానికి విలువ లేదు.

ఆవు చూలు మోయు కాలము ఇంచుమించు 283 దినములు. ఏటికొక దూడ కావలెనన్నచో 365లో మిగులునవి 82 దినములే. ఆ 82 దినములలోపల గర్భాశయము యథాస్థితికి రావలెను, ఆవు మరల ఎదకు రావలెను, చూలు నిలువవలెను. అదే సమయమున దూడకు పాలును ఈయవలెను. 5వ అంకమున ఈనిన ఆవు సాధారణముగా రెండు నెలలకు ఎదకు వచ్చును. 3, 4 అంకములతో ఈనినది మూడు నెలలైనను రాకపోవచ్చును. ఈనిన పిమ్మట దాణా కుమ్మరించి దిద్దుదమన్నచో అది పొదుగునకు పోవును గాని వీపున కెక్కదు. కావున పుష్టి చేకూర్చుటకు మిక్కిలి చౌకయైన కాలము పాలు మాన్పించిన పిమ్మటి మూడు నెలలు: పొదుగు ఎండియుండును, కడుపులోని దూడ చిన్నదిగా నుండును. 90 దినములలో ఒక్క అంకె పెంచుటకు దినమునకు అరకిలోకంటె తక్కువ బరువు పెరిగినను చాలును.

అందులకు గాదెలకు గాదెలు ధాన్యము అక్కరలేదు. పాలు మానిన ఆవు మేతలో 7 శాతము మాంసకృత్తులు ఉండవలెను. ఈనిన పిమ్మట 10, 11 శాతము కావలెను. నెబ్రాస్కా, మోంటానా బయళ్లలో శీతకాలపు ఎండుపచ్చికయందు ఆ మాత్రము మాంసకృత్తులు లభింపక, కడుపులోని సూక్ష్మజీవులు ఆకలిగొని, నారను జీర్ణింపజేయజాలవు. కంటియెదుట గడ్డి యున్నను ఆవు చిక్కిపోవును. అట్టి యెడల సోయాపిండియో, ప్రత్తిగింజల పిండియో కొద్దిగా నిచ్చినచో ఆ గడ్డియే బలమైన మేత యగును. చలి మరియొక లెక్క. పొడిగానున్న శీతకాలపు బొచ్చుతో ఆవు సున్న డిగ్రీలవరకు ఓర్చుకొనును. బొచ్చు తడిసెనా, 15 డిగ్రీలకే వణకును. ఆ హద్దు దాటి చలి యొక్కొక్క డిగ్రీ పెరిగినకొలది ఆవునకు ఇంచుమించు రెండేసి శాతము అధికశక్తి కావలెను. చూలు మోయు కడపటి నెలలలో మేత తగ్గించినచో దూడ చిన్నదై ఈత సులభమగునని పూర్వము కొందరు నమ్మిరి. ఈత సులభము కాలేదు. దూడ బలహీనమై పుట్టెను, జున్నుపాలు కొరతపడెను.

తొలిచూలు పెయ్యల సంగతి మరింత సున్నితము. పెరిగిన ఆవు బరువులో 55 నుండి 65 శాతము రాగానే వానిని చూలు కట్టించి, రెండేండ్లకు ఈనునట్లు చూతురు. అవి ఇంకను పెరుగుచున్నవి గనుక ఈనునాటికి 6వ అంకము తగును. అంతకుమించిన ప్రేమ కీడు చేయును. ఎదకు రాకమునుపే ధాన్యముతో బలిసిన పెయ్య పొదుగున పాలగ్రంథులకు బదులు క్రొవ్వు చేరును. దాని ఫలితము ఆ పెయ్య బ్రదికినంతకాలము పాల కొరతయే. ఈత వేళ మార్గమున క్రొవ్వు పట్టి దూడ బయటికి వచ్చుటయు కష్టమగును.

నా మనస్సునకు మిక్కిలి బాధ గలిగించునది ఏడాది ఆబోతుల పోషణము. అమ్మకపు దినమున నిండుగా కనబడవలెనని వానికి నెలల తరబడి ధాన్యము మేపుదురు. వృషణములు దేహముకంటె నాలుగైదు డిగ్రీలు చల్లగా నున్ననే బీజము చక్కగా తయారగును. వృషణకోశపు మెడలో క్రొవ్వు పేరుకొన్నచో ఆ చల్లదనము తొలగిపోవును. బీజము తయారగుటకు రెండు నెలలు పట్టును గనుక, నేడు మేత తగ్గించినను నష్టము రేపటికి తీరదు. ధాన్యపు పులుపు కాలేయమున కురుపులు లేపును, గిట్టలలో వాపు తెచ్చును. కుంటు ఆబోతునకు వంశ మెంత గొప్పదైన నేమి? అట్టి ఆబోతును వేలమునుండి సరాసరి బయలున విడిచినచో, ధాన్యము మాని పచ్చిక కలవాటు పడకమునుపే పని నెత్తిన బడి, వంద కిలోలవరకు తీసిపోవును. 6వ అంకమునకు మించక, నడకకు చోటున్న పెరట పెరిగిన ఆబోతు వేలమున వెలవెలబోయినను పొలమున నిలుచును. పదునైదు నెలల ఆబోతునకు పదునైదు ఆవులు చాలునని అమెరికా పశుపోషకుల వాడుక లెక్క. వృషణముల చుట్టుకొలత ఆ వయస్సుననే 30 సెంటీమీటర్లైనను ఉండవలెను.

మేతనుండి వంశగుణమును వేరుచేయుటకే లెక్కల పద్ధతియు పుట్టెను. ఒకే మందలో, ఒకే ఋతువున పుట్టి, ఒకే మేత తిన్న దూడలనే తమలో తాము పోల్చి, తండ్రి ఆబోతుల గుణమును గణింతురు. ఒక దూడకు రహస్యముగా దాణా పెట్టి తక్కినవానితో కలిపి వ్రాసిన పోషకుడు తన పట్టికనే గాక, దానిని నమ్మిన వారందరిని మోసగించును.

మన ఒంగోలు జాతికిని ఈ నల్లపశువులకును చుట్టరికము లేకపోలేదు. అమెరికాలోని బ్రాహ్మణ్ జాతి నిర్మాణమున ఒంగోలు రక్తము చేరినది. అయిదుపాళ్లు ఏంగస్, మూడుపాళ్లు బ్రాహ్మణ్ కలిపి ఎండకు తాళునట్లు రూపొందించిన జాతికి బ్రాంగస్ అని పేరు.

కావున అచ్చట ఏంగస్ ఆబోతును కొనువారును, ఇచ్చట విత్తనపు కోడెను ఎన్నుకొనువారును ధర పలుకుటకు ముందు దాని ప్రక్కటెముకలమీద చేయి వేసి చూడవలయును. గడచిన మూడు నెలలు దానికేమి మేపిరో అమ్మువానిని అడుగవలయును. దాని తల్లిని దూడతో కూడ పచ్చికమీద చూపింపుమని కోరవలయును. ఇంటికి తెచ్చిన పిమ్మట దాణాను ఒక్కసారి మాన్పక, కొన్ని వారములపాటు క్రమముగా తగ్గింపవలయును.