నీటితెరకు ఒకే ముఖం

థీమ్ పార్కులో రాత్రిపూట జరిగే నీటి ప్రదర్శన గురించి చూసొచ్చినవాళ్లను అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఇది ఒక్కటి చూస్తే చాలు, టికెట్ డబ్బులు రాబట్టుకున్నట్టేనని కొందరంటారు. గంటసేపు కాళ్లు పీకేలా నిలబడితే ముందువాళ్ల తలలూ నీటి తుంపరా తప్ప ఏమీ కనిపించలేదని మరికొందరంటారు. వీళ్లంతా ఒకే రాత్రి ఒకే ప్రదర్శన చూసినవాళ్లే కావచ్చు. లోకో భిన్నరుచిః అని తేల్చేసి ఊరుకోవడం తేలిక. సినిమాకో నవలకో ఆ మాట చెల్లుతుందేమో గానీ, ఇక్కడ చెల్లదు. ఈ యంత్రం ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, వెలుగును ఏ దిక్కుకు ఎంత పంపుతుంది అన్నవి గమనిస్తే, ఈ అభిప్రాయ భేదంలో చాలా భాగం చూసినవాళ్ల మనసుల్లో కాక వాళ్లు నిలబడిన చోట్లలో ఉందని తెలుస్తుంది. ప్రేక్షకులు చెప్పే మంచీచెడూ ఆ యంత్రం పనితీరుకు కొలతలు. వాటిని అలా చదవడం మనకింకా అలవాటు కాలేదు.

నీటికీ వెలుగుకూ జోడీ కుదిర్చిన పని జెనీవాలో మొదలైంది. స్విట్జర్లాండ్ భౌతిక శాస్త్రవేత్త జాన్ డానియెల్ కొలాడన్ 1841లో ఒక ప్రయోగం చేసి చూపించాడు. నీళ్లు నింపిన పాత్రకు పక్కన చిన్న రంధ్రం పెట్టి, ఎదుటి వైపు నుంచి ఆ రంధ్రం మీదికి వెలుగును కేంద్రీకరించాడు. నీటి ధార వంపు తిరిగి కిందికి పడుతుంటే వెలుగు కూడా దానితోపాటే వంగి కిందికి దిగింది. నీటిలోంచి గాలిలోకి పోవాలనుకున్న కిరణం, ధార అంచుకు లంబంగా గీసిన గీతతో సుమారు 49 డిగ్రీలకు మించిన కోణం చేస్తే బయటపడలేక మళ్లీ లోపలికే ప్రతిఫలిస్తుంది. ఇవాళ మన ఇళ్లకు ఇంటర్నెట్ తెచ్చే ఆప్టికల్ ఫైబర్ నడిచేది ఈ సూత్రం మీదే. అయితే ఫైబర్‌కు గుణమైనది ప్రదర్శనకు దోషం. నునుపైన ధార వెలుగును తనలోనే దాచుకుంటుంది, పక్కనున్నవాడి కంటికి పంపదు. ధార చెదిరి బిందువులైనచోటే వెలుగు నాలుగు దిక్కులా చిమ్ముతుంది. నీటిని ఎక్కడ నునుపుగా ఉంచాలి, ఎక్కడ విరగ్గొట్టాలి అన్న ప్రశ్నతోనే ఈ యంత్రం చరిత్ర అంతా నడిచింది.

మొదటి తరం ఇంజనీర్లు విరగ్గొట్టడాన్నే ఎంచుకున్నారు. 1884లో లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లో జరిగిన ఆరోగ్య ప్రదర్శనలో సర్ ఫ్రాన్సిస్ బోల్టన్ విద్యుద్దీపాల ఫౌంటెన్లను ఏర్పాటు చేశాడు. నీటి అడుగున ఉన్న గదిలో ఆర్క్ దీపాలుండేవి. పైన గోపురంలోంచి సంకేతాలు అందితే కింద పనివాళ్లు రంగుటద్దాలు మార్చేవాళ్లు. ఈఫిల్ టవర్‌ను తొలిసారి జనానికి చూపిన 1889 పారిస్ ప్రదర్శనలో కూడా ఇలాంటి వెలుగు ఫౌంటెన్లు రాత్రిళ్లు జనాన్ని ఆకట్టుకున్నాయి. 1929లో బార్సిలోనా మోంట్‌జుయిక్ కొండ దగ్గర కార్లెస్ బుయిగాస్ కట్టిన ఫౌంటెన్ ఇప్పటికీ ఉంది. మైసూరు దివాన్ మీర్జా ఇస్మాయిల్ చొరవతో కృష్ణరాజసాగర్ ఆనకట్ట కింద వెలసిన బృందావన్ గార్డెన్స్ ఈ వంశానిదే. తెలుగు సినిమా పాటల పుణ్యమా అని ఆ రంగునీళ్లు మైసూరు వెళ్లనివాళ్లకూ పరిచయమే. బెర్లిన్‌లో ఒటో ప్రిస్టావిక్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. మీటల బల్ల ముందు మనిషి కూర్చుని, వాద్యం వాయించినట్టు, సంగీతానికి తగ్గట్టు ధారలను ఆడించే ఏర్పాటు చేశాడు. అదే 1953లో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌కు చేరి డాన్సింగ్ వాటర్స్ పేరుతో అమెరికా అంతటా తెలిసింది. బహిరంగ స్థలాల్లో వెలిసిన ఈ ఫౌంటెన్లన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. దీపం అడుగున ఉంటుంది, నీరు పైకి లేచి చెదురుతుంది, వెలుగు చుట్టూ పరుచుకుంటుంది. తూర్పున ఉన్నవాడికీ పడమర ఉన్నవాడికీ దాదాపు ఒకే దృశ్యం. ఇలాంటి ఫౌంటెన్‌కు ముందూ వెనకా అంటూ లేవు.

రెండో తరం నునుపు వైపు తిరిగింది. యూటా విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చదువుతూ మార్క్ ఫుల్లర్ అనే విద్యార్థి సుడులు లేని నీటి ధార మీద పరిశోధన వ్యాసం రాశాడు. నీటిని సన్నని గొట్టాల గుత్తిలోంచి పంపి అందులోని కల్లోలాన్ని అణిస్తే, నాజిల్ నుంచి వచ్చేది గాజు కడ్డీలా నిగనిగలాడే ధార అవుతుంది. దాన్ని ఠక్కున కోయగలిగితే ముక్కలు ముక్కలుగా గెంతుతుంది. డిస్నీ సంస్థలో చేరిన ఫుల్లర్ బృందం చేసిన గెంతే ఫౌంటెన్లు ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ పార్కులో పిల్లల్ని వెంట పరిగెత్తించాయి. తర్వాత అతను సహచరులతో కలిసి వెట్ అనే సంస్థ పెట్టాడు. 1998లో లాస్ వేగాస్ బెల్లాజియో హోటల్ ముందు వెయ్యికి పైగా నాజిళ్లతో, 2009లో దుబాయ్ బుర్జ్ ఖలీఫా కింద 275 మీటర్ల పొడవున వెలసిన ఫౌంటెన్లు ఆ సంస్థవే. దుబాయ్ ధారలు దాదాపు 150 మీటర్లు ఎగురుతాయి. సంపీడన గాలితో నీటిని తూటాలా పేల్చడం వల్ల ఆ ఎత్తు సాధ్యమైంది. ఎత్తుతోపాటు కాలం లెక్క కూడా పెరుగుతుంది. గాలి నిరోధాన్ని పక్కన పెట్టినా, 60 మీటర్లు ఎగరాలంటే నీరు సెకనుకు 34 మీటర్ల వేగంతో, అంటే గంటకు 120 కిలోమీటర్లకు పైగా వేగంతో బయల్దేరాలి. శిఖరం చేరడానికి మూడున్నర సెకన్లు పడుతుంది. పాటలో దరువు పడే క్షణానికి ధార శిఖరాన ఉండాలంటే మూడున్నర సెకన్ల ముందే కవాటం తెరవాలి. ఆ లెక్క కంప్యూటర్ చూసుకుంటుంది. కానీ ధ్వని సెకనుకు 340 మీటర్లే పోతుంది కాబట్టి, స్పీకర్‌కు వంద మీటర్లు దూరంగా ఉన్నవాడికి దరువు సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. తాళం తప్పినట్టుందని ఆ మనిషి అంటే, అది విమర్శ రూపంలో ఉన్న కొలత.

మూడో తరంతో ఈ యంత్రం స్వభావమే మారింది. నీటిని విసనకర్రలా పలచగా పరిచి, దాని మీద బొమ్మలు వెయ్యడం మొదలైంది. 1992 మే 13న కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో ప్రారంభమైన ఫాంటాస్మిక్ ప్రదర్శన మంచు పొరలాంటి నీటితెరల మీద సినిమా దృశ్యాలు చూపి ఈ పద్ధతికి ప్రచారం తెచ్చింది. హైదరాబాద్ లుంబినీ పార్కులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున లేజర్ షో చూసినవాళ్లకు ఇలాంటి తెర తెలిసినదే. చిక్కు ఇక్కడే ఉంది. సినిమాహాలు తెర తన మీద పడ్డ వెలుగును హాలంతటికీ పంచుతుంది. నీటి బిందువు అలా పంచదు. వెలుగు తరంగదైర్ఘ్యం కన్నా ఎన్నో రెట్లు పెద్దదైన బిందువు, తన మీద పడ్డ వెలుగులో అత్యధిక భాగాన్ని వచ్చిన దిశలోనే ముందుకు నెడుతుంది. పక్కలకు పోయేది స్వల్పం. కిటికీలోంచి పడే ఎండలో తేలే ధూళి, ఎండకు ఎదురుగా చూసినప్పుడు మెరిసి, ఎండకు వీపు పెట్టి చూస్తే మాయమయ్యేది ఇందుకే. అందువల్ల ప్రొజెక్టర్ తెరకు ఆవలి వైపునా, ప్రేక్షకుడు ఈవలి వైపునా, ఇద్దరూ ఒకే గీత మీదా ఉంటే బొమ్మ కళ్లు చెదిరేలా ఉంటుంది. ఆ గీత నుంచి పక్కకు జరిగేకొద్దీ అదే బొమ్మ వెలవెలబోతుంది. బాగా పక్కకు జరిగితే మిగిలేది తెల్లని పొగ. నాలుగు దిక్కులా కనిపించే ఫౌంటెన్‌కు తొలిసారి ముఖం వచ్చింది, అదీ ఒక్కటే ముఖం.

గాలి ఇంకో తగువు తెస్తుంది. అంతే నీటిని పదోవంతు వ్యాసమున్న బిందువులుగా చిదిమితే వాటి మొత్తం ఉపరితలం పదింతలవుతుంది, తెర అంత చిక్కగా, బొమ్మ అంత స్పష్టంగా వస్తాయి. కానీ బిందువు చిన్నదైనకొద్దీ నేలకు దిగడం ఆలస్యమవుతుంది. ఒక మిల్లీమీటరు బిందువు సెకనుకు సుమారు 4 మీటర్లు పడితే, అందులో పదోవంతు వ్యాసమున్నది పావు మీటరు మాత్రమే పడుతుంది. చొక్కా అంచు కదిలేపాటి పిల్లగాలి, సెకనుకు 2 మీటర్లది, ఆ సన్న బిందువు 15 మీటర్లు దిగేలోపు దాన్ని వంద మీటర్లకు పైగా లాక్కుపోగలదు. బొమ్మ బాగుండాలంటే సన్నబిందువులు కావాలి, తెర నిలవాలంటే పెద్దబిందువులు కావాలి. ఏ రూపకర్త అయినా ఈ రెంటి మధ్య ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. నలుపు సంగతీ అంతే. ప్రొజెక్టర్ నల్లరంగును వెయ్యలేదు, చుట్టూ ఉన్న చీకటే ఆ తెరకు నలుపు. కాబట్టి పూర్తిగా చీకటి పడేదాకా ఆగాలి, వేసవిలో అది చాలా ఆలస్యం. ఒళ్లు తడిసిందనీ, బొమ్మ చెదిరిందనీ, పిల్లలు నిద్రకు తూగారనీ వచ్చే ఫిర్యాదులు మూడూ ఈ భౌతిక శాస్త్రంలోంచి సూటిగా పుట్టినవే.

ఈ వాదనకు రుజువుగా డిస్నీ సంస్థవే రెండు చెరువులను పక్కపక్కన పెట్టి చూడొచ్చు. కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కులో 2010 జూన్ 11న వరల్డ్ ఆఫ్ కలర్ మొదలైంది. దాదాపు 1,200 నాజిళ్లు, 60 మీటర్ల దాకా ఎగిరే ధారలు, సుమారు 116 మీటర్ల వెడల్పూ 15 మీటర్ల ఎత్తూ ఉన్న నీటితెర. అక్కడ ప్రేక్షకులు ప్రధానంగా చెరువుకు ఒక పక్కనే, తెరకు ఎదురుగా గుమిగూడతారు. స్థలాలను విభాగాలు చేసి, ముందుగా పాసులిచ్చి పంపే పద్ధతి మొదటి నుంచీ ఉంది. మెచ్చుకోళ్లూ ఉన్నాయి, వెనకబడ్డవాళ్ల గొణుగుళ్లూ ఉన్నాయి. అయినా కథలూ పాటలూ మారుతూ ఆ యంత్రం పదేళ్లు దాటి నిలిచింది. ఎప్‌కాట్ చెరువు తీరు వేరు. దాని చుట్టూ దాదాపు 2 కిలోమీటర్ల నడకదారి, జనం అన్ని వైపులా నిలబడతారు. అక్కడ 1999 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లు సాగిన ఇల్యుమినేషన్స్ ప్రదర్శనకు కేంద్రం తిరుగుతూ ఉండే భూగోళం, దాని ఖండాల మీద వీడియో దృశ్యాలు. ఎక్కడ నిలబడ్డా ఏదో ఒక ఖండం కనిపించేది. 2021లో దాని చోటుకు వచ్చిన హార్మోనియస్ పెద్ద తెరలు మోసే భారీ బల్లకట్ల మీద ఆధారపడింది. రాత్రి కొన్ని కోణాల నుంచి చూసినవాళ్లు మెచ్చుకున్నారు. పగలు చెరువు అందాన్ని ఆ ఇనుప కట్టడాలు పాడుచేశాయన్న విమర్శ మాత్రం మొదటి నుంచీ వదల్లేదు. 2023 ఏప్రిల్‌లో అది ముగిసింది, బల్లకట్లను తీసేశారు. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన లూమినస్ ప్రదర్శనలో ఆ పెద్ద తెరలు లేవు. ముఖమున్న యంత్రాన్ని ముఖం లేని స్థలంలో పెట్టడం వల్ల వచ్చిన తంటా ఇది.

ఇక్కడ ఎవరైనా సరైన అభ్యంతరాలే చెప్పొచ్చు. ఇరవై ఏళ్లు చూసిన ప్రదర్శన మీద జనానికి మమకారం ఉండదా, దాని తర్వాత ఏది వచ్చినా తిట్టేవాళ్లే కదా అనొచ్చు. మమకారం ఉంటుంది, కాదనలేం. అయితే అదొక్కటే కారణమైతే తిట్టు అన్ని అంశాల మీదా సమంగా పడాలి. ఇక్కడ అది బల్లకట్ల మీదే ఎక్కువగా పడింది. రెండో అభ్యంతరం, అభిప్రాయం చెప్పేవాళ్లు బాగా మురిసినవాళ్లో బాగా మండినవాళ్లో అయి ఉంటారు, మధ్యస్థులు నోరు మెదపరు అన్నది. నిజమే. ఆ కారణంగానే ఎంతమంది మెచ్చారన్న శాతాలకు నేను విలువివ్వను. ఎవరు ఎంత గట్టిగా చెప్పారన్నదాన్ని వదిలి, దేని గురించి చెప్పారన్నది చూడాలి. ఊరు మారినా, సంగీతం మారినా, కథ మారినా ఫిర్యాదుల జాబితా మారదు: పక్క నుంచి బొమ్మ కనిపించలేదు, గాలికి చెదిరింది, తడిశాం, తలలు అడ్డొచ్చాయి. అభిరుచే మూలమైతే కథ మారినప్పుడు జాబితా కూడా మారాలి. మూడో అభ్యంతరం అన్నింటికన్నా బలమైనది. మంచి చోట నిలబడి, తెర నిలకడగా ఉన్న రాత్రి చూసినవాళ్లలోనూ నచ్చనివాళ్లుంటారు, సినిమా ముక్కల అతుకుల బొంతకు ఇంత హంగామా ఎందుకని. వాళ్లది అచ్చమైన కళా విమర్శ, అందులో భౌతిక శాస్త్రం తలదూర్చకూడదు. నేను చెప్పేది ఒక్కటే, ఆ విమర్శ స్పష్టంగా వినిపించాలంటే చోటు వల్ల పుట్టిన గొణుగుడును ముందు విడదీయాలి.

విడదీస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. పాత ఫౌంటెన్ బహిరంగ స్థలంలో అందరిదీ, దాని చుట్టూ మంచి చోటు, చెడ్డ చోటు అన్న తేడా స్వల్పం. నీటితెర వచ్చాక చోట్ల మధ్య తేడా పుట్టింది, తేడా పుట్టినచోట ధర పుట్టింది. వరల్డ్ ఆఫ్ కలర్‌కు భోజనంతో కలిపి మంచి చోటు అమ్మే ప్యాకేజీలు మొదటి నుంచీ ఉన్నాయి. అది వ్యాపారుల అత్యాశ మాత్రమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. వెలుగును ఒకవైపే నెట్టే బిందువు ఆ అమ్మకానికి సరుకును తయారుచేసి పెట్టింది. కాబట్టి కట్టేవాళ్లకు రెండు దారులున్నాయి. స్థలం గుండ్రంగా ఉంటే, చుట్టూ కనిపించే ధారలకూ అడుగు దీపాలకూ పెద్దపీట వేసి, తెరను చిన్న వేషానికి పరిమితం చెయ్యాలి. తెరే కథానాయకుడు కావాలంటే, మెట్లు మెట్లుగా కూర్చునే ఏర్పాటును తెరకు ఎదురుగా కట్టి, అక్కడ పట్టినంతమందికే టికెట్ ఇవ్వాలి. మన నగరాల్లో చెరువుల ఒడ్డున ఇలాంటివి కట్టేటప్పుడు నాజిళ్లెన్ని, ధార ఎత్తెంత అన్న అంకెలనే గొప్పగా ప్రకటిస్తారు. ఏ కోణం దాకా బొమ్మ నిలుస్తుంది, ఎంత గాలి దాకా తెర నిలుస్తుంది, ఆ హద్దుల లోపల ఎంతమంది పడతారు అన్న మూడు అంకెలు కూడా టెండరులోనే ఉండాలి. ప్రారంభమయ్యాక ప్రేక్షకుణ్ణి బాగుందా అని అడిగేముందు ఎక్కడ నిలబడి చూశావని అడిగితే, ఆ మూడు అంకెలు నిజమో కాదో రుసుము లేకుండా తేలిపోతుంది.