శిథిలములను చూచు విధము

ఓడలలో దేశములు తిరుగువారికి ఒక వాడుక కలదు. ఓడ రేవున నిలుచు ఎనిమిది తొమ్మిది గంటలలో వారు తీరమున దిగి, ఆ దేశపు మనుష్యు నొకనిని కుదుర్చుకొని, సమీపమున నున్న ప్రాచీన శిథిలములను చూచి, సాయంకాలమునకు మరల ఓడ నెక్కుదురు. గ్రీసు దేశమున పిరేయస్ రేవున దిగినవారు ఏథెన్సు నగరపు కొండకోటను, ఇటలీ దేశమున నేపుల్సులో దిగినవారు క్రీ. శ. 79లో అగ్నిపర్వతపు బూడిద క్రింద పూడిపోయిన పాంపేయి పట్టణమును ఇట్లే చూచుచుందురు. ఓడవారే సమకూర్చిన బండ్లలో గుంపుగా పోవువారు కొందరు. తమంతట తామొక మార్గదర్శిని పిలుచుకొని పోవువారు మరికొందరు. గుంపుతో పోయినవారికొరకు ఓడ కొంతసే పాగును. తనంతట పోయినవాడు ఆలస్యము చేసినచో ఆగదు.

మా గోరంట్లకు సముద్రము లేదు. చిత్రావతి యున్నది గాని, సంవత్సరములో నెక్కువ నెలలు అందు కనబడునది ఇసుకయే. అయినను మాకును ఒక ఓడ కలదు. అది సాయంకాలపు బస్సు. ఉదయమున బయలుదేరి, ఆ బస్సు తప్పిపోకముందే చూచి రాదగిన గొప్ప శిథిలములు మాకు రెండు చోట్ల నున్నవి. వాయవ్యమున పెనుకొండ, నైరృతి దిక్కున లేపాక్షి. ఈ మూడు ఊళ్లును పూర్వము అనంతపురము జిల్లాలోనివి. 2022 సంవత్సరమునుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. ఇంత సమీపమున నుండియు వీనిని చూడని పిల్లలు మనలో ననేకులు గలరు. చూచినవారును ఏమి చూచితిరని యడిగినచో, "కొండ చూచితిమి, నంది చూచితిమి" అని ఊరకుందురు. మేమును మొదటిసారి అట్లే తిరిగి వచ్చితిమి గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ మొదటిసారి మాకు దొరికిన మార్గదర్శి మిక్కిలి వేగముగల మనుష్యుడు. పెనుకొండలో ఏ రాతిని చూపినను అది శ్రీకృష్ణదేవరాయలు కట్టించినదే యనెను. ప్రతి గోడ వెనుకను ఒక సొరంగము, ప్రతి సొరంగము చివరను ఒక బంగారు కుండ. గంటన్నరలో అంతయు ముగించి, ముందు చెప్పిన సొమ్మునకు ఒకటిన్నర రెట్లు అడిగెను. మేమిచ్చితిమి. ఇచ్చిన తరువాత తెలిసిన దేమనగా, మాకు ఒక్క సంవత్సరముగాని, ఒక్క కారణముగాని జ్ఞాపకము లేదు.

రెండవసారి ఆ ఊరి వృద్ధు నొకనిని పిలుచుకొని పోతిమి. ఆయన చదువు కొద్దిపాటిది. కాని యొక గొప్ప గుణ ముండెను. ప్రతి చోటను "నాయనా, ఇది నేను చూచినది, ఇది పెద్దలు చెప్పగా విన్నది, ఇది రాతిమీద వ్రాసినది" అని మూడు విధములుగా విడదీసి చెప్పెను. శిథిలములను చూచుటకు ఇంతకంటె మంచి పద్ధతి మేమెరుగము. కావున మార్గదర్శిని కుదుర్చుకొనునపుడు కూలి యెంత, ఎన్ని గంటలు, ఏయే చోట్లు అని ముందుగా తేల్చుకొనుట యొకటియే చాలదు. మొదటి రాతియొద్దనే "ఇది మీకెట్లు తెలిసినది?" అని మర్యాదగా అడుగవలెను. ఆ ప్రశ్నకు కోపగించుకొనువానికి నమస్కారముచేసి మరియొకని వెదకుకొనుట మేలు.

పెనుకొండ సంగతి చూతము. విజయనగర రాజ్యమునకు మొదటినుండియు ఇది ముఖ్యమైన దుర్గము. 14వ శతాబ్దమున బుక్కరాయల కుమారుడు విరూపన్న యొడయరు దీనిని పాలించెను. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధమున రామరాయలు హతుడైన పిమ్మట, ఆయన తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను వెంటబెట్టుకొని విజయనగరమును విడిచి, కొంతకాలమునకు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. ఆ శతాబ్దము ముగియకముందే వేంకటపతిరాయల కాలమున రాజధాని చంద్రగిరికి పోయెను. అనగా మనము చూచు కోట, ఒక గొప్ప రాజ్యము దెబ్బతిని, ఊపిరి పీల్చుకొనుటకు కూర్చున్న చోటు. హంపిలోని వైభవ మిక్కడ వెదకరాదు. ఆతురతతో నెత్తిన గోడలను, కొండచుట్టు తిరిగిన ప్రాకారములను, కనుమను కాయు బురుజులను చూచినచో, ఆనాటి భయము కొంత మనకును తెలియును.

కోటలోని గగనమహలునొద్ద మా వృద్ధుడు మమ్ము చాలసేపు నిలిపెను. క్రింది అంతస్తులోని కమానులు మహమ్మదీయుల కట్టడములను పోలియున్నవి. పైనున్న గోపురము దేవాలయ విమానమును పోలియున్నది. "శత్రువులతో పోరుచునే వారి పనితనమును నేర్చుకొన్నారు చూడుడు" అని ఆయన అన్నప్పుడు మాలో నొక బాలుడు, పోరాడువాని యొద్ద నేర్చుకొనుట యెట్లని అడిగెను. వృద్ధుడు నవ్వి, "బడిలో మీరు చేయునది అదియే గదా" అనెను. సమీపముననే రామాలయము, ఈశ్వరాలయము ప్రక్కప్రక్కన నున్నవి. అదే ఊరిలో షేర్‌ఖాను మసీదు, బాబయ్య దర్గా, జైనుల పార్శ్వనాథాలయము కలవు. 365 గుడులు, 365 బావులు ఉండెడివని చెప్పుకొందురు. ఇది "విన్నది" అను తరగతిలోనిది. లెక్కపెట్టుటకు మాకు బస్సు వ్యవధి నియ్యలేదు.

మహామంత్రి తిమ్మరుసును కన్నులు తీయించి ఉంచిన చోటని ఊరివారు ఒక స్థలమును చూపుదురు. ఇచ్చట మన మూడు తరగతులు బాగుగ ఉపయోగపడును. కృష్ణరాయల కుమారుడు మరణించగా, విషప్రయోగపు అనుమానముచేత రాయలు మంత్రిని చెరబెట్టి కన్నులు తీయించెనని, ఆ తరువాత కొలది యేండ్లకే విజయనగరమున నుండిన నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు వ్రాసియున్నాడు. ఆ వ్రాతను రాబర్టు సూయెల్ దొర 1900 సంవత్సరమున ఆంగ్లమున ప్రకటించెను. కావున చెర అను మాటకు వ్రాతయొక్క ఆధారము కొంత కలదు. ఇదే గది, ఇదే గోడ యనుట మాత్రము విన్న మాటయే. విన్న మాట యనగా అబద్ధమని మా యభిప్రాయము కాదు. దానిని మోయదగినంత బరువే దానిపై నుంచవలె నని మా తాత్పర్యము.

ఈ దేశమున దారి చూపుట అను పనికి ఒక గౌరవమైన చరిత్ర యున్నది. 1800 సంవత్సరమున ఈ సీమ కుంఫిణీవారి చేతికి వచ్చినది. ఆ కాలమున కాలిన్ మెకంజీ అను సర్వే దొర దక్షిణదేశపు ఊళ్ల చరిత్రలను, శాసనములను సేకరింపసాగెను. ఆయనకు తెలుగు రాదు. ఆయనకు కన్నులును, నాలుకయునై పనిచేసినవాడు ఏలూరివాడైన కావలి వెంకట బొఱ్ఱయ్య. ఊరూర కరణములను, వృద్ధులను అడిగి, పాత లిపులను కష్టపడి చదివి, 1803లో ఇరువదియేడేండ్ల వయస్సునకే ఆయన కన్నుమూసెను. తమ్ములైన లక్ష్మయ్య, రామస్వామి ఆ పనిని సాగించిరి. నేడు కైఫియ్యతులని పేరుపొందిన గ్రామచరిత్రలు అట్లు పోగుపడినవే. అందులో కల్పనలును, నిజములును కలిసియే యున్నవి. అయినను ఎవడో ఒకడు అడిగి వ్రాసికొనుటచేతనే అవి మిగిలినవి. మాతో వచ్చిన వృద్ధుని మాటలను మేము వ్రాసికొనక పోతిమి. ఇప్పుడు ఆయన లేడు.

లేపాక్షి హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్నది. అచ్యుతదేవరాయలు రాజ్యమేలిన కాలమున (1529–1542), పెనుకొండ సీమలో అధికారముగల విరూపన్న, వీరన్న అను అన్నదమ్ములు అచ్చటి వీరభద్రాలయమును కట్టించిరి. ఊరికి ముందుగా కనబడునది ఒకే రాతిలో మలచిన బసవన్న. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల యెత్తు. బసవన్న ముఖము గుడి వైపున నున్నది. గుడిలో ఏడు పడగల నాగము లింగమునకు నీడపట్టుచున్నది. వంట యగుచుండగా శిల్పులు ఆ నాగమును చెక్కివేసిరని కథ. అంత గట్టి రాతిని అంత త్వరగా చెక్కిన శిల్పులకంటె, అన్ని గంటలు వండిన వంటవారిని చూడవలెనని మాలోనొకరికి కోరిక పుట్టెను.

నేలనంటక వ్రేలాడు స్తంభమును చూడనివారు లేపాక్షిని చూచినట్లే కాదని యందురు. దాని యడుగున గుడ్డను ఈ వైపునుండి ఆ వైపునకు లాగుదురు. కప్పు బరువును దూలములు ప్రక్క స్తంభములకు పంచుచున్నవి గనుకనే ఈ యొక్కటి నేలపై ఆనకున్నను మండపము నిలిచియున్నది. వింత యొక్క స్తంభములో లేదు, మండపమంతటిలో నున్నది. జనులు మాత్రము దాని చుట్టును మూగి, తలయెత్తి పైకి చూడక వెడలిపోవుదురు. లేపాక్షియొక్క ప్రాణము పై కప్పుననే కలదు.

రాతిపై సున్నపు పూత పూసి, ఎఱుపు, పసుపు, నలుపు, తెలుపు, పచ్చ వన్నెలతో వ్రాసిన చిత్రము లవి. పార్వతీ కల్యాణము, కిరాతార్జునీయము, ఆవుదూడకొరకు కొడుకును శిక్షించిన చోళరాజు కథ, ఎత్తైన కుళ్లాయిలు పెట్టుకొని నిలుచున్న విరూపన్న, వీరన్నలు, వారి పరివారము. స్త్రీల చీరలపై నున్న అంచులు, గళ్లు, పువ్వులు ఒకదానివలె మరియొకటి లేవు. నాలుగువందల యెనుబదేండ్లకు పైబడిన ఈ చీరల నమూనాలనుండి నేటి నేతపనివారును అచ్చులు తీసికొనుచున్నారు. రాయల కాలమున మనవారు ఏమి కట్టిరో, జుట్టు ఎట్లు ముడిచిరో తెలిసికొనుటకు ఏ పుస్తకమును ఇంత స్పష్టముగ చెప్పజాలదు.

ఈ చిత్రములు పోవుచున్నవి. కప్పు రాళ్ల సందులనుండి దిగిన వాననీరు కొంత తినివేసినది. దీపముల పొగ కొంత కప్పినది. చేతికందిన చోటులను చేతులే చెరిపినవి. కరవు సీమలో వానచేత నష్టమా యని నవ్వు రావచ్చును. ఇచ్చట వాన యరుదే గాని, పడినప్పుడు ఒక్క పెట్టున పడును. నీటిని ఆపుట పురాతత్త్వ శాఖవారి పని. చేతులను ఆపుట మన పని. పెనుకొండ గోడలపై బొగ్గుతోను, మేకులతోను వ్రాసిన పేర్లలో మాకు తెలిసిన ఊరి పేర్లు కొన్ని కనబడినవి. వానిని చదివి తలవంచుకొంటిమి. రక్షిత కట్టడమును చెరచినవానికి రెండేండ్లవరకు చెరసాలయో, లక్ష రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని 1958 సంవత్సరపు చట్టమునకు 2010లో చేసిన సవరణ చెప్పుచున్నది. నిక్షేపములకై విగ్రహముల అడుగున త్రవ్వువారు అంతకంటె గొప్ప శత్రువులు. సొరంగము, బంగారు కుండ యని కథలు చెప్పు మార్గదర్శి నవ్వులకే చెప్పవచ్చును. వినినవారిలో నొకడు రాత్రి గడ్డపార తెచ్చును.

విరూపన్న రాజధనమును గుడికి వెచ్చించెననియు, శిక్ష వచ్చునని తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెననియు చెప్పి, రెండు ఎఱ్ఱని మరకలను చూపుదురు. కల్యాణమండపము సగములో నిలిచిపోవుటకు ఇదే కారణమందురు. గుడిలోని శాసనములు దానములను, దానమిచ్చిన గ్రామములను చెప్పును. కన్నుల కథ ఊరివారి నోటనే యున్నది. తిమ్మరుసు కన్నులు, విరూపన్న కన్నులు, ఒకే సీమలో రెండు కథలు! అధికారమునకు చాల దగ్గరగా నిలుచుట యెట్టిదో మన పూర్వులకు తెలియునని మాత్రము వీనివలన గ్రహించితిమి.

ఇక ఏ మార్గదర్శియు చూపని శిథిల మొకటి కలదు. బస్సు కిటికీనుండి చూచుకొనవచ్చును. అవి చెరువుకట్టలు. బుక్కపట్టణపు చెరువు బుక్కరాయల పేరిట నున్నది. ఆయన కుమారుడు భాస్కరుడు కడప సీమలోని పోరుమామిళ్లయొద్ద కట్టించిన చెరువునకు 1369 నాటి శాసనము కలదు. ప్రతిదినము వేయిమంది కూలివాండ్రు, నూరు బండ్లు, రెండేండ్ల పనియని అది చెప్పుచున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను సైతము వరుసగా చెప్పుచున్నది. కోటలు పడిపోయినను మనకు కలిగిన నష్టము కంటికే. కట్ట తెగి, తూము పూడిపోయిన చెరువు క్రింద నున్న ఊరు మాత్రము ఊరు విడిచి బెంగుళూరునకు కూలికి పోవుచున్నది. ఇట్టి తూము నొకదానిని మేము దిగి చూచితిమి. రాళ్లు గట్టిగానే యున్నవి; ముళ్లకంప, ఒండ్రు మాత్రమే అడ్డము. మాతోనున్న రైతుబిడ్డలు గగనమహలునొద్ద నిలిచినదానికంటె అచ్చటనే యెక్కువసేపు నిలిచి, నీరు ఏ వైపున వచ్చెడిదో, ఏ వైపునకు పోయెడిదో వేలితో చూపుచు తమలో తాము వాదించుకొనిరి.

రెండు చోట్లను ఒకే దినమున చూడవలెనని ప్రయత్నింపరాదు. పెనుకొండ కొండపై నున్న లక్ష్మీనరసింహస్వామి గుడివరకు ఎక్కదలచినవారు ఎండ ముదరకముందే ఎక్కవలెను; త్రాగునీరు ఇంటినుండియే తీసికొనిపోవలెను. లేపాక్షి కప్పు చిత్రములు ఉదయపు వెలుతురున బాగుగ కనబడును. ఒక చిన్న పుస్తకము, పెన్సిలు మరువరాదు. మూడు గీతలు గీచి, చూచినది, విన్నది, వ్రాసియున్నది అని మూడు వరుసలుగా వ్రాసికొనవలెను. ఆ దినమున తూమునొద్ద వాదము ముగియకముందే సాయంకాలపు బస్సు మమ్ము దాటి పోయెను. చిత్రావతి ఇసుక కనబడువరకు నడచి, తరువాత ఒక వేరుసెనగ లారీవాని దయచేత రాత్రి తొమ్మిది గంటలకు గోరంట్ల చేరితిమి.